కడప జిల్లాలో పర్యావరణం: జనం వచ్చే రోజులు, నిర్ణయాలు జరిగే రోజులు

కడప జిల్లాలో పర్యావరణం పేరిట జరిగే కార్యక్రమాలకు ఏడాది పొడవునా కొదవ లేదు. జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం, వానలు పడ్డాక వనమహోత్సవం, వినాయక చవితికి ముందు మట్టి విగ్రహాల పంపిణీ, అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలు, వీటికి తోడు నెలనెలా మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర. 2025 జనవరిలో ఈ చివరి కార్యక్రమం మొదలైనప్పుడు ముఖ్యమంత్రి వచ్చి పాల్గొన్నది మన మైదుకూరులోనే. బ్యానరు కట్టి, బడిపిల్లలను వరుసలో నిలబెట్టి, మరుసటి రోజు జిల్లా పేజీలో ఫొటో వచ్చేలా జరిగే ఇలాంటి కార్యక్రమాలకు జనాన్ని కూడగట్టడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇవి కాక ఇంకో రకం రోజులు ఉన్నాయి. గనికో, సిమెంటు కర్మాగారానికో అనుమతి ఇచ్చే ముందు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ, గ్రామసభ, నీటి వినియోగదారుల సంఘం సమావేశం, ఊరి మొక్కలు, జీవజాతుల వివరాలు నమోదు చేయవలసి ఉండీ చాలా పంచాయతీల్లో కాగితం మీదే ఉండిపోయిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ కూర్చోవలసిన రోజు, జనవరిలో చెరువుల దగ్గర జరిగే నీటిపక్షుల లెక్క. వీటికి దండోరా వేయించినా కదిలి వచ్చేవారు తక్కువ. అయితే ఊరి వంక, అంటే చిన్న వాగు, మిగలాలా పూడిపోవాలా, ఒక చెరువు కింద ఎంత ఆయకట్టు తడవాలి, ఒక గుట్టను తవ్వాలా వద్దా అన్న సంగతులు తేలేది ఈ రెండో రకం రోజుల్లోనే. మొదటి రకంలో మనం చేసేది అప్పటికే ఎవరో తీసుకున్న నిర్ణయాన్ని అమలుచేయడం. రెండో రకంలో మన మాట రికార్డుకెక్కుతుంది. పర్యావరణం కోసం ఏదైనా చేయాలని ఉంది గాని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనే వారికి ముందుగా తెలియవలసింది ఈ తేడానే.

నాటే రోజు, బతికే రోజు

మొక్కలు నాటడాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే జూన్ 5 అన్న తేదీ మన పంచాంగం చూసి పెట్టింది కాదు. ఆ రోజుకు మనకు రోహిణి కార్తె ఇంకా పోదు, మృగశిర రాదు. రోళ్ళు పగిలే ఎండ అని పెద్దలు అన్నది ఈ రోజుల గురించే. జిల్లాలో ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే వానలో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి నవంబరు లోపల పడుతుంది. నైరుతి వెళుతూ ఇచ్చేది కొంత, ఈశాన్యం వస్తూ ఇచ్చేది కొంత. జూన్ మొదటి వారంలో నాటిన మొక్కకు మొదటి మంచి వాన దొరికేలోపు బిందెలతోనో, ట్యాంకరుతోనో నీళ్ళు పోసేవారు లేకపోతే అది నిలవదు. అందువల్ల జూన్ 5న జనాన్ని పిలిచే సంస్థలు ఆ రోజున మొక్కలు కాక గుంతలు తీయించడం మేలు. గుంత ఎండకు కాగి, తొలకరికి తడిసి, పశువుల ఎరువు, పైమట్టి కలిపి పూడ్చుకున్నాక, జూలై ఆఖరులోనో ఆగస్టులోనో భూమి లోపలిదాకా పదును అందిన తర్వాత కానుగ, వేప, నేరేడు, చింత వంటివి నాటితే వాటికి కనీసం మూడు నెలల తడి దొరుకుతుంది. ఫొటోకు గుంత అంత అందంగా ఉండదన్నది వేరే విషయం.

ఇలాంటి కార్యక్రమానికి పిలుపు వచ్చినప్పుడు అడగవలసినవి రెండే ప్రశ్నలు. వచ్చే ఏప్రిల్‌లో దీనికి నీళ్ళు ఎవరు పోస్తారు? మేకలు మేయకుండా చుట్టూ కంప ఎవరు నాటుతారు? ఈ రెండింటికీ మనిషి పేరుతో జవాబు వస్తే వెళ్ళి చేయి వేయడం మంచిది. "అందరం చూసుకుంటాం" అన్న జవాబు వస్తే మొక్క సంగతి అప్పుడే తెలిసిపోయినట్టు.

మొక్క ఎక్కడ నాటుతున్నామన్నది ఇంతకన్నా చిక్కు ప్రశ్న. చెట్లు లేని నేలంతా పాడుబడిన నేల అనే భావన మనలో బలంగా ఉంది. బద్వేలు, సిద్ధవటం ప్రాంతాల్లో లంకమల కొండల పాదాల దగ్గర కనిపించే పొదల నేల చూడటానికి బీడులాగే ఉంటుంది. పొదకూ పొదకూ మధ్య ఖాళీ మట్టి, అక్కడక్కడ ముళ్ళచెట్లు. ప్రపంచంలో మరెక్కడా లేని కలివికోడి అనే పక్షి బతికేది సరిగ్గా అలాంటి నేల మీదనే. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడికి ఆ ఆచూకీ అందించింది పక్షులు పట్టే స్థానికుడే. రాత్రిపూట మాత్రమే తిరిగే ఆ చిన్న పక్షిని గుర్తించడానికి పనికివచ్చింది గ్రంథాలు కాదు, ఆ పొదల్లో వల పన్నిన మనిషి కళ్ళు. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది. ఈ పొదలను నరికి గుంతలు తీసి వరుసల్లో చెట్లు నాటితే పచ్చదనం పెరిగినట్టు లెక్కల్లో కనిపిస్తుంది గాని, కలివికోడికి ఉన్న కాస్త చోటూ పోతుంది. నంద్యాల వైపు రోళ్ళపాడు గడ్డిభూములకూ, అక్కడి బట్టమేక పక్షికీ ఇదే మాట వర్తిస్తుంది. కాబట్టి ఊరి బీడులో పెద్దఎత్తున నాటే ముందు అక్కడ ఇప్పుడు ఏముందో గొర్రెల కాపరిని అడిగి తెలుసుకోవడం పర్యావరణ కార్యక్రమంలో మొదటి అంకం కావాలి.

మూడో శనివారం చీపురు పట్టే కార్యక్రమం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఊడ్చిన చెత్త ఏ డంపింగ్ యార్డుకు పోతోంది, తడి పొడి వేరుచేసి ఇస్తున్న ఇంటి చెత్తను బండిలో మళ్ళీ కలుపుతున్నారా అన్నవి అదే రోజున వచ్చే అధికారిని అక్కడికక్కడే అడగవచ్చు. ఆ కార్యక్రమం వల్ల పౌరుడికి దక్కే అసలు అవకాశం అదే.

షామియానా కింద జరిగేది ఓటింగ్ కాదు

మిగిలిన వాటన్నిటికన్నా బలమున్నదీ, ఎక్కువమంది అపార్థం చేసుకునేదీ ప్రజాభిప్రాయ సేకరణ. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ దీనికి ఆధారం. పెద్ద గనులు, సిమెంటు కర్మాగారాలు, థర్మల్ కేంద్రాలు, జలాశయాల వంటి వాటికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రాజెక్టు స్థలంలో గాని దానికి దగ్గరలో గాని బహిరంగంగా జనం మాట వినాలని అది నిర్దేశించింది. చిన్నవిగా వర్గీకరించిన కొన్నిటికి మినహాయింపు ఉంది. ఎర్రగుంట్ల, కమలాపురం వైపు సున్నపురాయి మీద బతికే ఊళ్ళకు ఈ సభలు కొత్త కాదు. అయినా వాటి నియమాలు తెలిసినవారు ఊరికి ఒకరిద్దరు కూడా ఉండరు.

సభ నిర్వహించేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత వహించేది కలెక్టరు, లేదా అదనపు జిల్లా మెజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ ఒక తెలుగు దినపత్రికలోనూ ప్రకటన రావాలి. ఆ 30 రోజులూ ప్రాజెక్టు ముసాయిదా నివేదిక, దాని సంక్షిప్త రూపం కలెక్టరు కార్యాలయంలోనూ, జిల్లా పరిషత్తులోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ ఎవరైనా చూసుకునేలా ఉంచాలి. సభను మొదటినుంచి చివరిదాకా వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి. ముగింపులో అప్పటిదాకా వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించి, అధ్యక్షత వహించిన అధికారి అదే రోజున సంతకం చేయాలి.

ఈ నియమాల్లో రెండు అంశాలు ప్రత్యేకంగా గమనించదగ్గవి. మొదటిది, సభకు కోరం లేదు. ఇంతమంది వస్తేనే సభ జరిగినట్టు అన్న షరతు ఎక్కడా లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. అందువల్ల కోపంతో సభను బహిష్కరించి ఇంట్లో కూర్చోవడం వల్ల సభ ఆగదు, ఊరి అభ్యంతరం మాత్రమే రికార్డులో లేకుండా పోతుంది. రెండోది, ఇది ఓటింగ్ కాదు. వెయ్యిమంది చేతులెత్తి వద్దన్నా, వెయ్యిమంది చప్పట్లు కొట్టి కావాలన్నా దాని వల్ల మాత్రమే అనుమతి ఆగదు, రాదు. అక్కడ లేచిన ప్రతి ముఖ్యమైన అభ్యంతరానికీ సంస్థ జవాబు చెప్పి, నివేదికను ఆ మేరకు సవరించి, నిపుణుల కమిటీ ముందు పెట్టాలి. కమిటీ తూచేది తలల సంఖ్యను కాదు, ప్రశ్న బరువును.

సభ ఎలా నడుస్తుందో చూసినవారికి తెలుసు. షామియానా, ముందు వరుసలో తెల్లబట్టల నాయకులు, చుట్టూ పోలీసు బందోబస్తు, మైకు కోసం తోపులాట. పది గంటలకు మొదలైన సభలో ఒంటిగంట దాకా మాట్లాడేవారిలో సగం మంది స్థానికులకు ఉద్యోగాలు ఇవ్వాలంటారు, మిగతా సగం దుమ్ము వస్తుంది కాబట్టి వద్దంటారు. రెండూ న్యాయమైన మాటలే. అయితే మినిట్స్‌లో, అంటే సభలో జరిగినదాని నమోదులో, అవి చెరొక వాక్యంగా ముగిసిపోతాయి; ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇస్తాం, నీళ్ళు చల్లించి దుమ్ము అదుపు చేస్తాం అని సంస్థ రెండు వాక్యాల్లో బదులిస్తుంది. ఆ మధ్యలో ఒక రైతు లేచి, "సార్, మీ పటంలో మా ఊరి వంక లేదు. సెప్టెంబరులో వాన పడితే అది మూడు రోజులు పారుతుంది. కింద మా చెరువుకు అదే ఆధారం. మీరు గని మట్టి పోసే చోటు ఆ వంకకు ఎన్ని గజాల దూరంలో ఉంది?" అని అడిగాడనుకుందాం. దీన్ని ఒక్క వాక్యంతో దాటవేయడం కుదరదు. పటం సవరించాలి, దూరం చెప్పాలి, మట్టి కొట్టుకుపోకుండా ఏం కడతారో రాయాలి.

ఆ వంక పటంలో ఎందుకు ఉండదన్నది తెలిస్తే ఇలాంటి ప్రశ్నలు ఇంకా పుడతాయి. నివేదిక కోసం గాలి, నీరు, నేల పరిస్థితిని సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్‌లో, ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కొలుస్తారు. మార్చి నుంచి మే దాకా కొలిచిన బృందానికి మన జిల్లా వంకలన్నీ ఇసుకదారులుగానే కనిపిస్తాయి. ఎండాకాలంలో వచ్చి చూసినవాడికి కడప నగరం మధ్యలో ఉన్న బుగ్గవంక కూడా ప్రమాదకరంగా కనిపించదు. 2001లో అది నగరం మీద పడ్డ రాత్రి తెలిసినవారికే దాని సంగతి అర్థమవుతుంది. కాబట్టి నివేదిక చేతికి వచ్చినప్పుడు మొదట వెతకవలసింది కొలతలు ఏ నెలల్లో తీశారన్న పేజీ. ఆ నెలల్లో కనిపించనిది, మిగతా నెలల్లో ఊరికి కనిపించేది ఏదైతే ఉందో అదే ఊరివాళ్ళు సభలో చెప్పవలసిన మాట. బోర్ల సంఖ్య, మేతకు పోయే దారి, తిరునాళ్ళ స్థలం, పాత ఊటబావి, ఇవన్నీ నివేదికలో ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు.

చిక్కల్లా భాషతోనే. సంక్షిప్త రూపం తెలుగులో దొరుకుతుంది గాని, అసలు నివేదిక మామూలుగా వందల పేజీల ఇంగ్లిష్. కడపలోనో ప్రొద్దుటూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్ళో సెంటు భూమి లేనివారు కూడా చేయగలిగిన పని ఇక్కడే ఉంది. డిగ్రీ కళాశాల అధ్యాపకులు, పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు, చదువుకుంటున్న పిల్లలు నలుగురు కూర్చుని ఆ నివేదికలో నీటికి, భూమికి సంబంధించిన అధ్యాయాలను చదివి, పేజీ నంబర్లతో సహా రెండు పేజీల తెలుగు సారాంశం రాసి సంబంధిత గ్రామాల సచివాలయాల్లో ఇస్తే, వంద మొక్కలు నాటినదానికన్నా దాని ప్రయోజనం ఎక్కువని నా అభిప్రాయం. ఇంకొక చిన్న సంగతి. సభ చివరిదాకా ఉండాలి. తాను మాట్లాడిన తర్వాత భోజనానికి వెళ్ళిపోయిన మనిషి, సారాంశం చదివేటప్పుడు తన మాట అందులో లేకపోయినా లేచి గుర్తుచేయలేడు.

అనుమతి వచ్చాక అంతా అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. అనుమతి వచ్చిన సంగతిని సంస్థ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, దాని ప్రతిని పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. ఆ తర్వాత షరతుల అమలు మీద సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న రెండు నివేదికలు ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలని 2006 నోటిఫికేషనే చెబుతోంది. జూన్ 5న ఫొటో దిగేవారిలో నాలుగు రోజుల ముందు వచ్చిన ఆ నివేదికను చదివినవారు ఎందరుంటారో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీరు, పంటలు పాడవుతున్నాయని చుట్టుపక్కల గ్రామాలవారు ఏళ్ళ తరబడి ఫిర్యాదులు చేయగా, 2019లో కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. ఒకసారి మైకు దగ్గర మాట్లాడి ఊరుకుంటే అక్కడిదాకా రాదు.

సభ దశ రాకముందే కదిలిన ఊళ్ళూ ఉన్నాయి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ళ అటవీప్రాంతంలో యురేనియం కోసం బోర్లు వేసి చూడాలన్న ప్రతిపాదనను 2024లో చుట్టుపక్కల గ్రామాలు ఒక్కటై వ్యతిరేకించాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అన్వేషణ దశకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు కాబట్టి అక్కడ పనిచేసింది నోటిఫికేషన్ కాదు, ఊళ్ళ ఐక్యతే. అయితే ఐక్యత ప్రతిచోటా, ప్రతిసారీ కుదరదు. కాగితం మీద ఉన్న హక్కు మాత్రం ఒక్క మనిషికి కూడా ఉంటుంది.

చెరువుకు ఉన్న ఆరు దోషాలు

చెరువును గురించి మాట్లాడేటప్పుడు పోరుమామిళ్ళను తలచుకోకుండా ఉండలేం. అక్కడి చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో నిర్మించినట్టు భైరవాలయం ముందున్న శాసనం చెబుతోంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తేవడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని. ఆ శాసనం అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువుకు పట్టే 6 దోషాలను కూడా చెక్కించింది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ తాబేలు వీపులా మెట్ట ఉండటం, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. ఇందులో మూడోది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. చెరువు పాడవడానికి ఆరున్నర శతాబ్దాల కిందటే ఒక పాలనా కారణాన్ని సాంకేతిక కారణాలతో సమానంగా పెట్టారు. ఈనాడు చెరువు గర్భం రెవెన్యూ శాఖది, కట్ట, తూము జలవనరుల శాఖవి, చేపలు మత్స్యశాఖవి, పూడిక తీసే పని ఉపాధి హామీది, గట్టు మీద చెట్లు ఇంకొకరివి అన్న పరిస్థితిలో ప్రతి చెరువూ సరిహద్దు చెరువే.

ఈ పంపకాల మధ్య రైతుకు చట్టం ఇచ్చిన కుర్చీ నీటి వినియోగదారుల సంఘం. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం కింద ఆయకట్టులో భూమి సాగుచేసే రైతులంతా సభ్యులు. కౌలు రైతుకూ చోటుంది. చాలాకాలం విరామం తర్వాత 2024 డిసెంబరులో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అంటే సంఘం ఉన్న చెరువుకూ, కాలువకూ అడగడానికి ఇప్పుడు ఒక అధ్యక్షుడు ఉన్నాడు. మరవ (అలుగు) దగ్గర కంపచెట్లు తొలగించారా, తూము తలుపు దిగుతోందా, పై ఊరి నుంచి నీరు తెచ్చే వాగుకాలువ ఎక్కడ పూడిపోయింది అన్నవి ఆయన సమావేశంలో పెట్టవలసిన విషయాలు. చెరువు నిండకపోవడానికి వానలేమి కన్నా వాగుకాలువ ఆక్రమణ కారణమైన చోట్లు మన సీమలో తక్కువేమీ కావు. ఆక్రమణ అన్న మాట పైకి రాగానే అది ఎవరిదో అందరికీ తెలిసి ఉంటుంది కాబట్టి సమావేశంలో ఎవరూ నోరెత్తరు. ఇలాంటప్పుడు ఒక రైతు వేలెత్తి చూపడం కన్నా, చెరువు పూర్తి నీటిమట్టం హద్దులు చూపే పటాన్ని అందరి ముందు పరిచి కొలిపించమని సంఘం తరఫున తహసీల్దారుకు అర్జీ పెట్టడం తక్కువ గొడవతో తేలే దారి.

ఆయకట్టులో భూమి సాగుచేయనివారికి ఈ సంఘంలో ఓటు లేదు. వారికి గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపి ఉపాధి హామీ పనులను ఆమోదింపజేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ జాబితాలో పంటకుంటలు, కొండవాలు కందకాలు, చెరువు పూడికతీత ఎక్కడెక్కడ రావాలన్నది ఊరివాళ్ళు చెప్పకపోతే, కొలతలు తేలికగా వేయగలిగిన చోట, అంటే రోడ్డు పక్కనే, పని వస్తుంది. కొండమీద నీరు కిందికి దిగే దారి తెలిసినవారు సభలో ఉండటం ఎందుకు ముఖ్యమో ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

కొలిచేవాడి మాట

మన ప్రాంతానికి గర్వకారణమైన ఒక ప్రయోగం 2003 నుంచి 2009 వరకు జరిగింది. కడప, అనంతపురం, కర్నూలుతో పాటు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్ళలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలాన్ని కొలిచారు. ఊళ్ళో వర్షమాపకం పెట్టుకున్నారు. ఎంచుకున్న బావుల్లో, బోర్లలో పదిహేను రోజులకొకసారి టేపు దించి నీటిమట్టం రాసుకున్నారు. బోరు ఎంత పోస్తోందో తెలుసుకోవడానికి డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కవేశారు. ఆ అంకెలన్నీ ఊరి గోడ మీద రాశారు. రబీ ముందు అందరూ కూర్చుని, వాన వల్ల భూమిలోకి దిగిన నీరు ఇంత, వేయదలచిన పంటలకు కావలసింది ఇంత అని బడ్జెట్ వేసి, చాలని చోట వరి తగ్గించి ఆరుతడి పంటలవైపు మళ్ళడం ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. ఎవరూ ఎవరినీ నిషేధించలేదు. అంకె గోడమీద కనిపించాక కొత్త బోరు వేసే ముందు మనిషి ఒకసారి ఆగి ఆలోచిస్తాడన్నది ఆ ప్రయోగం చూపించిన నిజం. ఇలా కొలవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. బడిలో ఒక ఉపాధ్యాయుడు, పదిమంది పిల్లలు, ఒక టేపు, ఒక నోటుపుస్తకం చాలు. కొత్త బోర్లకు, చెట్ల నరికివేతకు అనుమతి తప్పనిసరి చేసిన 2002 నాటి వాల్టా చట్టం పేరు అందరికీ తెలుసు. అయితే ఊరి దగ్గర సొంత అంకెలు లేనప్పుడు ఆ చట్టం కింద వేసే అర్జీకి పట్టు ఉండదు.

పక్షుల లెక్క కూడా ఇలాంటిదే. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు పెరటి పక్షుల లెక్క ఉంటుంది. ఎవరైనా చేరవచ్చు. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి చూసిన పక్షుల పేర్లు, సంఖ్య రాసి పంపితే చాలు. ఒక చెరువు మీద ఏళ్ళ తరబడి చేరిన ఈ లెక్కలు రేపు ఆ చెరువును పూడ్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు సాక్ష్యమవుతాయి. హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద కొంగలను గ్రామస్థులు తరతరాలుగా కాపాడుకుంటున్నారు. పత్రికలు వాటిని సైబీరియా కొంగలని రాస్తూనే ఉంటాయి గాని, అవి మన దేశపు పక్షులే. ఇలాంటి తప్పు దిద్దుబాటు కావడానికి కూడా లెక్కపెట్టే మనిషే కావాలి.

ఈ జ్ఞానమంతా దాచుకోవడానికి 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీని, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును ఏర్పరచింది. పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టడంతో 2020 నాటికి దేశమంతటా ఈ రిజిస్టర్లు హడావుడిగా తయారయ్యాయి. మీ పంచాయతీ రిజిస్టరును ఒకసారి అడిగి చదవండి. ఎర్రచందనం పెరిగే కొండల కింద ఉన్న ఊరి రిజిస్టరులో పక్క జిల్లా చెట్ల జాబితా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. దాన్ని సవరించమని కోరే హక్కు ఆ ఊరివారిదే. అందులో నమోదైన ఔషధ మొక్క, నమోదైన పక్షి, నమోదైన మేతభూమి తర్వాత వచ్చే ఏ ప్రభావ నివేదికకైనా జవాబు చెప్పే ఆధారమవుతాయి.

ముప్పై రోజుల లెక్క

చివరగా గడువుల సంగతి. పర్యావరణ అనుమతి మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే హరిత ట్రిబ్యునల్‌లో 30 రోజుల్లోగా అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా ఆలస్యాన్ని మన్నించవచ్చు, ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది. దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది. పరిహారం కోరని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు, న్యాయవాది లేకుండా స్వయంగా కూడా వాదించుకోవచ్చు. పత్రాల కోసం సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో అడిగితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. సభ ప్రకటనకు 30 రోజులు, సమాచార హక్కు జవాబుకు 30 రోజులు, అప్పీలుకు 30 రోజులు. పత్రికలో ప్రకటన చూసి నివేదిక కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకున్న మనిషికి జవాబు అందేసరికి షామియానా విప్పేసి ఉంటారు. ప్రకటన వెలువడిన నివేదికకు అసలు దరఖాస్తే అవసరం లేదు. కలెక్టరేటుకో, జిల్లా పరిశ్రమల కేంద్రానికో నేరుగా వెళ్ళి చూపించమని అడగవచ్చు. చూపకపోతే ఆ మాటే రాసి సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. నివేదిక అందుబాటులో ఉంచలేదన్న సంగతి సభ చెల్లుబాటునే ప్రశ్నించగల అభ్యంతరం, దానికి రుజువు తేదీ వేసిన ఆ రసీదే. సమాచార హక్కు దరఖాస్తులను జూన్ 1, డిసెంబరు 1 తేదీల నివేదికల కోసం, పాత సభల మినిట్స్ కోసం, చెరువు హద్దుల పటాల కోసం, ఏ ప్రకటనా లేని తీరిక నెలల్లోనే పెట్టి ఉంచుకోవాలి.